పెద్ద హజ్జా ఇంటి రూటరు

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా షాపు వ్యాను డ్రైవరు. జగిత్యాల మనిషి. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో మా కంప్యూటర్ షాపు ముందు బండి ఆపి, కిందికి దిగే ఓపిక కూడా లేనట్టు అద్దం దించి అక్కణ్ణుంచే కేకేశాడు.

"అక్కా! సంచి వట్టుకొని జెల్ది రా. బనియాస్‌ల ఒక ముసలమ్మ కంప్యూటర్ల క్యారమ్స్ ఆడుతదట. నెట్టు ఆడనిస్తలేదట. ముదీర్ నిన్నే పొమ్మంటుండు."

"ముసలమ్మా? మనవడై ఉంటాడు. సరిగ్గా విన్నావా?"

"రెండుసార్లు అడిగిన. ముసలమ్మనే. ఆట కుదరకుంటె రూటరు తీస్కపోయి ఒంటెకు మేతేస్తదట."

ఈ పని నేర్చుకుంటున్న అమ్మాయిలకోసం రాస్తున్నాను కాబట్టి నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బడికి వెళ్ళలేదు. నెల్లూరులో మా అబ్బా రేడియోలు బాగుచేసేవారు. అమ్మీ దగ్గర ఖురాను, అబ్బా దగ్గర తెలుగు, రేడియో పెట్టెల వెనక అచ్చువేసిన అక్షరాల దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాను. పెళ్లయి అబుదాబి వచ్చాక మావారు భోజనాల బల్ల మీద వైర్లు పరిచి, కూర చల్లారేదాకా నెట్‌వర్క్ పాఠాలు చెప్పేవారు. అల్లా దయవల్ల కూర కంటే పాఠాలే బాగా కుదిరాయి. మగవాళ్ళు ఇంట్లో లేని వేళ మగ టెక్నీషియన్ గడప దాటకూడదన్నది అక్కడి ఇళ్ళ మర్యాద. ముదీర్‌కు, అంటే మా షాపు మేనేజరుకు, ఒక ఆడమనిషి అవసరం పడింది. చాలామంది అడ్డుగోడ అనుకునే ఆ పరదాయే నన్ను ఇంటింటికీ తిప్పి జీతమిచ్చింది. ఇప్పటికీ నమాజు తర్వాత దానికి షుక్ర్ చెప్పుకుంటాను.

బనియాస్ ఇంట్లో తలుపు తీసింది పనిచేసే ఆమె. నేను సలాం చెప్పి, చెప్పులు విడుస్తూ అలవాటుకొద్దీ "అమ్మయ్య" అన్నానో లేదో, ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

"అక్కా, తెలుగా! యా వూరు? మాది రాయచోటి. నువ్వన్నా బాగుజెయ్యి తల్లీ ఆ డబ్బాని. వారం నుంచి మా హజ్జా నా మీద ఇరుచుకు పడతాంది, నేనేందో దాన్ని నమిలి మింగినట్టు."

హజ్జా అంటే హజ్ యాత్ర చేసివచ్చిన పెద్దావిడ. ఆమె హాలులో సోఫా అంచున నిటారుగా కూర్చుని ఉంది. ముఖాన అక్కడి పెద్దావిడలు కట్టుకునే బంగారు రంగు ముఖపట్టీ, వాళ్ళ మాటలో బుర్ఖా, మెరుస్తోంది; చేతిలో తస్బీ జపమాల, ఎదురుగా కొత్త కంప్యూటరు. ఆ కాలపు అక్కడి పెద్దవాళ్ళలాగే ఆమెకూ హిందీ వచ్చు. దాని వ్యాకరణం మాత్రం పూర్తిగా ఆమె సొంతం.

"బింతీ," అంది, అంటే అమ్మాయీ అని. "నా చెల్లెలు రావాలి. తలుపు మూసి ఉంది. తెరువు."

నేను వీధి తలుపు వైపు చూశాను. ఆమె తస్బీతో కంప్యూటరు వైపు చూపించింది.

కథ ఇదీ. అక్కచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పటినుంచీ క్యారమ్స్ పిచ్చివాళ్ళు. చెల్లెలు రువైస్‌లో, రిఫైనరీలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. ఆమెను చిన్న హజ్జా అందాం. నెలకోసారి అంత దూరం నుంచీ కారులో వచ్చి ఇక్కడ బల్ల ముందు కూర్చునేది. ఆఖరిసారి ఆటలో పెద్ద హజ్జా తన నల్ల అబాయా గౌను చేతితో ఎర్రకాయిన్‌ను పక్కకు తోసిందని చెల్లెలు అంది. తోయలేదని అక్క అంది. చెల్లెలు కాఫీ తాగకుండా లేచిపోయింది. కాఫీ తాగకుండా లేవడమంటే ఆ ఇళ్ళల్లో ఎంత మాటో చెప్పలేను. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆమె జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అక్క వెళ్ళలేదు, మన హలీం లాంటి హరీసు గిన్నెడు పంపింది. చెల్లెలు ఆ గిన్నెను శుభ్రంగా కడిగి, ఖాళీగా తిప్పి పంపింది. ఖాళీ గిన్నె తిరిగొస్తే ఎలా ఉంటుందో నెల్లూరు ఆడవాళ్ళకు కూడా నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు చెల్లెల్ని ఆపరేషన్‌కు జర్మనీ తీసుకుపోతున్నారు. ఈ లోపల మాట కలవాలి. కానీ ముందు ఫోన్ చేసినవాళ్ళు తప్పు ఒప్పుకున్నట్టు. వీళ్ళ బాధ చూడలేక ఒక మనవడు రెండిళ్ళ కంప్యూటర్లలోనూ ఎక్కడినుంచో తెచ్చిన క్యారమ్స్ ఆట ఎక్కించి, "నెట్‌లో ఆడుకోండి, మాట్లాడక్కర్లేదు" అని చెప్పి పోలీసు శిక్షణకు వెళ్ళిపోయాడు. గురువారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఆట అని కబురూ వెళ్ళింది. ఆట మాత్రం కలవలేదు.

"ఆమె సరిగ్గా తినడం కూడా లేదు," అంది పెద్ద హజ్జా, తస్బీ తిప్పుతూ.

"మీకెలా తెలుసు? మాట్లాడటం లేదన్నారుగా."

"మా పనిమనిషికి కల వచ్చింది."

రాయచోటి ఆమె కాఫీ కప్పులు తుడుస్తూ గోడకేసి చూసింది.

పని కష్టమైంది కాదు. అలాంటి ఆటల్లో ఒకరు ఇల్లు తెరిచి కూర్చోవాలి, ఇంకొకరు అతిథిగా రావాలి. ఇల్లు తెరిచే చోట రూటరుకు సంగతి చెప్పి ఉంచాలి. లేకపోతే బయటినుంచి వచ్చినవాళ్ళను అది లోపలికి రానివ్వదు. దీన్ని పెద్ద హజ్జాకు ఎలా చెప్పాలా అనుకుంటే, వాళ్ళ ఇల్లే సాయం చేసింది. అలాంటి ఇళ్ళకు మగ అతిథులకు మజ్లిస్ అనే సావిడి వైపు ఒక గేటు, ఆడవాళ్ళకు ఇంకో గేటు ఉంటాయి. గేటు దగ్గర కాపలాదారు; అక్కడి మాటలో నాతూర్.

"హజ్జా, ఈ నల్లడబ్బా మీ నాతూర్. ఎవరొచ్చినా పొమ్మంటాడు. ఫలానా పేరు చెప్పి వచ్చినవాళ్ళను ఆడవాళ్ళ గేటులోంచి ఈ కంప్యూటరు దగ్గరికి పంపు అని వాడికి చెప్పాలి."

"ఇంతేనా? వాడికి నేనే చెప్తాను," అని రూటరు మీదికి వంగి అరబ్బీలో ఏదో గట్టిగా చెప్పింది. దాని దీపాలు వరసగా మెరిశాయి. "విన్నాడు," అంది.

ఆవిడ గమనించకుండా నేను కూడా కొంచెం పని చేశాను. రూటరు ఇంట్లోని కంప్యూటర్లకు వచ్చిన వరసలో తలా ఒక నంబరు ఇస్తుంది, పెళ్లి భోజనాల్లో విస్తరి వేసినట్టు. హజ్జా కంప్యూటరుకు రెండో విస్తరి దొరికింది. 'క్యారమ్స్ అతిథిని రెండో విస్తరి దగ్గరికి పంపు' అని రాసేశాను. ఆ నంబరును కదలకుండా కట్టేయడం వేరే పని, అది చేయలేదు. ఎందుకంటే కరెంటు పోయి వస్తే తప్ప ఆ రూటరు నంబర్లను కదపదు. అబుదాబిలో కరెంటు పోదు. అదే నెల్లూరులో అయితే ముందు అదే చేసేదాన్ని. కరెంటు పోని దేశంలో కాపురముండి నాకు తెలివి తగ్గింది.

షాపులో ఉన్న కుర్రాళ్ళను నెట్‌లో అతిథులుగా రప్పించి ఒక ఆట ఆడించి చూశాను. చక్కగా కలిసింది. పెద్ద హజ్జా ఒక్క దెబ్బకు రెండు నల్లకాయిన్లు వేసి, "ఈ పిల్లలకు ఆట రాదు" అంది. నేను సంతోషంగా ఇల్లు చేరాను.

గురువారం సాయంత్రం ముదీర్ ఫోన్. ఆయన హైదరాబాదు పాతబస్తీ మనిషి, కోపం వస్తే గౌరవం పెరుగుతుంది.

"ఏం మేడమ్‌గారూ! ఏం చేసొచ్చారండీ తమరు? చెల్లెలు వచ్చిందంట, అప్పుడే తలుపు పడిందంట. 'మొహం మీద తలుపేసింది మా అక్క' అని అక్కడ ఏడుపంట. యా అల్లా, నాకు రూటర్లమ్మే షాపుందా, పంచాయతీ ఆఫీసుందా?"

మర్నాడు వదిలి ఆ మర్నాడు వెళ్ళాను. దీపాలన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. కానీ హజ్జా కంప్యూటరుది మూడో నంబరు. రెండోది మనవరాలి లాప్‌టాప్‌ది. అంటే చిన్న హజ్జా వచ్చి మనవరాలి గదిలో, సంగతి తెలియని లాప్‌టాప్ ముందు నిలబడి వెనక్కి పోయిందనుకున్నాను. కరెంటేమో పోలేదన్నారు. అయితే నేనే తప్పు కొట్టి ఉంటానని మూడో నంబరు రాసి, ఆడించి, చూసి, బిస్మిల్లా చెప్పుకుని వచ్చాను.

ఆ గురువారమూ అంతే. చెల్లెలు వచ్చిన మరుక్షణం తలుపు పడింది.

షాపులో నాకు పేరు పెట్టడం మొదలైంది. ఒకరు నాకు 'తలుపు బాజీ', అంటే తలుపు అక్క, అని బిరుదిచ్చారు. డ్రైవరు మాత్రం నా పక్షం. "అక్కా, నీ తప్పు గాదు. ఆ ముసలమ్మనే ఓడిపోతనని బటను ఒత్తుతున్నట్టుంది. మా ఊళ్ళె నేను పత్తాలు ఆడుతుంటె గిట్లనే లైటు తీసేటోన్ని."

"చెల్లెలి కోసం ఏడుస్తోందయ్యా ఆవిడ."

"ఏడ్సుకుంట గూడ ఒత్తొచ్చు."

ముదీర్ రెండో వైపు కూడా చూసి రమ్మన్నారు. రువైస్ దారి పొడుగునా ఒక పక్క ఎడారి, ఒక పక్క తీగ కంచె, మధ్యలో డ్రైవరు మాటలు. అన్నిట్లోకీ మాటలే పొడుగు. కంపెనీ క్వార్టర్లలో చిన్న హజ్జా మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. అక్క ఎంత నిటారో ఈమె అంత గుండ్రం. పలకరింపులు కాగానే నా చేయి పట్టుకుని గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు బింతీ. మా అక్క వేసిందా తలుపు?"

"వల్లాహి, లేదు హజ్జా. డబ్బా పనది."

"రెండుసార్లూ నేను గడపలో కాలు పెట్టినప్పుడే డబ్బాకు పని పడిందా?" కళ్ళు తుడుచుకుంది. "చూడు. ఈ గురువారం ఇంకొక్కసారి వెళ్తాను. శనివారం నా విమానం. మూడోసారి కూడా తలుపేస్తే ఇక ఆ ఇంటికి వెళ్ళను. జర్మనీలో కత్తి కింద పడుకున్నప్పుడు కూడా ఆమెను తలచుకోను."

ఆ ఇంట్లో ఏ లోపమూ లేదు. లేచి వచ్చేస్తుంటే ఆవిడ వెనక్కి పిలిచింది.

"అక్కడ అతిథి రావడానికి తలుపు పెట్టావంట. మా ఇంటికి పెట్టలేదేం?"

"మీరే అతిథి కదా హజ్జా. మీకు తలుపు అవసరం లేదు."

"ఆమె ఇంటికి ఉంది. నా ఇంటికి లేదు. జబ్బు మనిషిని చూడటానికి జనం వస్తారా, జబ్బు మనిషే జనం దగ్గరికి పోతుందా? పెట్టు!"

వాదించలేక పెట్టాను. బయటినుంచి ఆ ఇల్లు కనుక్కోవాలంటే కావలసిన నంబరు అప్పుడప్పుడూ మారుతుంది కాబట్టి, దాన్ని చూపించే బొమ్మనొకటి తెర మీద ఉంచి, అక్కడ పనిచేసే ఆమెకు ఎలా నొక్కాలో చూపించాను. ఆమెదీ కడప జిల్లానే. "ఈ నంబరు ఎవురికి కావల్లక్కా?" అంది. "ఎవరికీ అక్కర్లేదమ్మా, హజ్జా ముచ్చట," అన్నాను. ఎవరికి కావాలో అల్లాకు తెలుసు. నాకు తెలియదు, అంతే.

గురువారం నేను పెద్ద హజ్జా ఇంట్లోనే కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆట వేళ అక్కడ లేను. బాగుచేసి, ఆడించి చూసి, వచ్చేసేదాన్ని. ముందుగా ఒక ఆట కలిపి చూశాను, అన్నీ సవ్యంగా ఉన్నాయి. అసర్ నమాజు హజ్జా పక్కనే చేసుకున్నాను. దువాలో ఆవిడ ఏమడిగిందో తెలియదు కానీ, మధ్యలో 'రూటర్' అన్న మాట మాత్రం రెండుసార్లు వినిపించింది.

నమాజు కాగానే ఇల్లు మారిపోవడం మొదలైంది. హజ్జా కొత్త బట్టలు కట్టుకుని, మణికట్టుకు అత్తరు రాసుకుంది. పొడుగు ముక్కు దల్లా కూజాలో కాఫీ వచ్చింది. ఖర్జూరాలు వచ్చాయి. కప్పులు రెండు, ఒకటి ఆవిడ ముందు, ఒకటి కంప్యూటరు ముందు. రువైస్‌లో మంచం మీద ఉన్న మనిషికి బనియాస్‌లో కాఫీ పోస్తున్నారు. నాకు నవ్వు రాలేదు. ఎంత ప్రేమగా పోసిందో చూస్తూ ఉండిపోయాను.

తెర మీద చెల్లెలి పేరు వెలిగింది.

"వచ్చింది!" అని హజ్జా చప్పట్లు కొట్టింది. "అహ్లన్, అహ్లన్! ఊదు తీసుకురా!"

రాయచోటి ఆమె ఊదుదాని పట్టుకుని హాలులోకి వచ్చింది. బొగ్గులది కాదు, కొత్తగా కొన్నది, కరెంటుది. వచ్చిన అతిథికి సాంబ్రాణిలా ఊదు పొగ పట్టకపోతే అక్కడ మర్యాద పూర్తికాదు. ఆమె బల్ల వెనక్కి వంగింది. ఒక ప్లగ్గు పీకింది. ఇంకో ప్లగ్గు పెట్టింది.

నల్లడబ్బా మీద దీపాలన్నీ ఆరిపోయాయి. తెర మీద చెల్లెలి పేరు పోయింది. గుప్పుమని సువాసన వచ్చింది.

"అమ్మాయ్!" అని నేను అరిచిన అరుపుకు ఆమె ఊదుదాని వదిలేయబోయి మళ్ళీ పట్టుకుంది. "ఏం పీకావు?"

"ఈ నల్లడబ్బాదే అక్కా. అదెప్పుడూ ఊరికే దీపాలు మినుక్కుమనిపిస్తా వుంటాది గదా, పనా పాటా? మెహమాను వచ్చిండాది, రోంత సేపు ఊదేసి మల్లా పెట్టేస్తా. ప్రెతిసారీ అట్నే జేస్తా."

"ప్రతిసారీ?"

"మెహమాను వచ్చిన ప్రెతిసారీ."

నేను పరీక్షించేటప్పుడు ఎందుకు పనిచేసిందో, చెల్లెలు వచ్చినప్పుడే ఎందుకు చచ్చిందో అప్పుడర్థమైంది. నేను ఎన్నిసార్లు చూసినా వచ్చింది షాపు కుర్రాళ్ళు. వాళ్ళకెవరు ఊదు వేస్తారు? చెల్లెలు నిజమైన అతిథి. ఆవిడ వచ్చిందన్న సంతోషంతోనే ఆవిడ మొహం మీద తలుపు వేస్తున్నారు. మళ్ళీ ప్లగ్గు పెట్టగానే రూటరు విస్తర్లన్నీ కొత్తగా వేస్తోంది, ముందు లేచిన మనవరాలి లాప్‌టాప్‌కు ముందు విస్తరి.

ఈ మాట హజ్జాకు చెప్పాను. పనిమనిషి మీద పిడుగు పడుతుందనుకున్నాను. హజ్జా ఊదుదాని వైపు చూసింది, కంప్యూటరు ముందున్న కప్పు వైపు చూసింది. "ఊదు వేయమన్నది నేనే," అంది మెల్లగా.

ప్లగ్గు మళ్ళీ పెట్టించి, రూటరు లేచేలోపల నా మొబైల్ నుంచి రువైస్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. చిన్న హజ్జా తెలియని నంబర్లు ఎత్తదు. ఇంటి ఫోను నుంచి చేద్దామంటే, అక్క ఇంటి నంబరు చూస్తే అసలే ఎత్తదు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. తలుపు మళ్ళీ సరిచేయగలను, కానీ రాననుకున్న మనిషిని ఏ సెట్టింగుతో రప్పించను? తెర మీద ఖాళీ క్యారమ్ బల్ల, మధ్యలో ఎర్రకాయిన్. హజ్జా దాన్నే చూస్తోంది. "ఖలాస్," అంది. "శనివారం వెళ్ళిపోతుంది."

రాయచోటి ఆమె వంటింట్లోకి పోయింది. ఏడుస్తుందనుకున్నాను. డబ్బా మూత చప్పుడైంది. మోచేతి దాకా గోధుమపిండితో, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక చిన్న మొబైల్ పట్టుకుని వచ్చి నిలబడింది.

ఆ ఇంట్లో పనివాళ్ళు మొబైల్ ఉంచుకోకూడదని పెద్దకొడుకు ఆజ్ఞ. దొరికితే ఇంటికి పంపేస్తానన్నాడు. ఆ సంగతి ఆమే నాకు మొదటిరోజు చెప్పింది.

"అక్కా," అంది నాతో, హజ్జా వైపు చూడకుండా. "ఆడ పనిచేసే పిల్ల నంబరు దీంట్లో ఉండాది. నేను జేస్తే ఎత్తుతాది. నన్ను పంపించేస్తే పంపించేయనీలే. ఆ యమ్మ మొగం నేను సూడలేకుండా వుండా."

నేనింకా హిందీలోకి మార్చబోతుంటే హజ్జా చేయి ఎత్తింది.

"ఇప్పుడా బయటికి తీసేది? నాకు తెలియదనుకున్నావా? ఒక మనిషికి అన్ని కలలు వస్తాయా! మా చెల్లెలు పొద్దున ఏం తిందో, మధ్యాహ్నం ఏం వదిలేసిందో, రాత్రి ఎన్నిసార్లు లేచిందో, అన్నీ కలలోనేనా?"

రాయచోటి ఆమె నా వైపు తిరిగింది. "మల్ల కొడుకుతో చెప్పలేదేం?" అంది నాతో, తెలుగులో. నేను హిందీలో అడిగాను.

"చెప్తే కలలు ఆగిపోవూ?" అంది హజ్జా. "యల్లా, చెయ్యి."

ఫోన్ కలిసింది.

"ఏమ్మే, నేనే! అరవొద్దు... మీ ముసలామె యాడుండాది?... దుప్పటి కప్పుకునిందా? మొగం మీదికా? ... ఒసే, తలుపు మాయమ్మ ఎయ్యలేదే, నేనే ఏసినా. ఊదుకోసం... ఆ, ఊదు! మెహమాను వస్తే ఎయ్యొద్దా? ... నవ్వు ఆపి ఆ యమ్మకు సెప్పు ముందు." ఫోను చెవికి ఆనించే హజ్జాకేసి తిరిగింది. "ఏం సెప్పమంటాది అడుగక్కా. మల్లా రమ్మందామా?"

నేను అడిగాను. హజ్జా ముఖం మీది బుర్ఖాను సరిచేసుకుంది. తనే పెద్దది, తన ఇంట్లోనే ఆట. పుట్టినప్పటినుంచీ అదే రివాజు.

"వద్దు," అంది. "కాలు విరిగిన మనిషి ఎన్నిసార్లు వస్తుంది? నేనే వస్తున్నానని చెప్పు. తలుపు తీయమను."

రువైస్ ఇంటికి తలుపు ఉంది! పోటీకోసం పెట్టించుకున్న తలుపు, నేను ముచ్చట అని తీసిపారేసిన తలుపు. అల్‌హమ్‌దులిల్లా అని కంప్యూటరు ముందు కూర్చున్నాను. అక్కడి పిల్ల బొమ్మ నొక్కి నంబరు చదివింది, ఇక్కడ ఈమె అప్పజెప్పింది, నేను కొట్టాను.

"రెండు... ఒగటి... మూడు... అక్కా, సుక్క."

"ఆ."

"సుక్క పెట్టినావా?"

"పెట్టానమ్మా."

"తొమ్మిది... ఏమ్మే, తొమ్మిదా ఆరా? బాగా జూడు, తలకిందులుగా సూస్తాండావేమో... తొమ్మిదేనంట. సుక్క."

సుక్కలన్నీ అయ్యాయి. నొక్కాను. తెర మీద క్యారమ్ బల్ల పరుచుకుంది. దాని పైన చెల్లెలి పేరు ముందు, అక్క పేరు అతిథి చోట.

రాయచోటి ఆమె మొబైల్‌ను స్పీకరులో పెట్టి, పిండి చేతులతోనే కప్పు పక్కన నిలబెట్టింది. అవతలినుంచి కాసేపు ముక్కు చీదిన చప్పుడు. తర్వాత చిన్న హజ్జా గొంతు. అరబ్బీలో అన్న మాటను హజ్జాయే నాకు హిందీలో చెప్పింది: "ఊదు వేయిస్తున్నానంటోంది, నేను వచ్చానని."

నేను మొబైల్ మీదికి వంగాను. "ఏ ఊదుదాని? కరెంటుదా?"

రాయచోటి ఆమె ఫోను లాక్కుంది. "ఏమ్మే! ఆడ ప్లగ్గు ముట్టుకున్యావంటే సంపుతా!"

"బొగ్గులదే," అని జవాబొచ్చింది. "మాయమ్మకు కరెంటుది సరిపడదు, వాసన రాదంటాది."

ఆట గురించి చెప్పేందుకు పెద్దగా లేదు. పెద్ద హజ్జా ఓడిపోయింది. ఇల్లు తెరిచినవాళ్ళకు ఆట చురుగ్గా, అతిథికి కాస్త ఆలస్యంగా నడుస్తుంది. ఆవిడ స్ట్రైకర్ వదిలి తస్బీలో రెండు పూసలు తిప్పాక గానీ అది కదిలేది కాదు. "చెల్లెలి ఇంటి బల్ల ఎప్పుడూ మొద్దే" అంది. అవతల్నుంచి ఏదో కేక. ఎర్రకాయిన్ చెల్లెలు వేసింది. "అబాయా చెయ్యి తగల్లేదుగా ఈసారి?" అని అవతలినుంచి, "తగిలితే నువ్వు గెలిచేదానివా?" అని ఇవతలినుంచి. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరు ఎవరి మాట విన్నారో తెలియదు. ఆట ఎప్పుడో అయిపోయింది, మొబైల్‌లో చార్జి అయిపోయేదాకా మాటలు సాగాయి. హజ్జా, కంప్యూటరు ముందు చల్లారిపోయిన చెల్లెలి కాఫీని కూడా తనే తాగేసింది.

నేను నంబరును కదలకుండా కట్టేసి, ఊదుదానికి వేరే బోర్డు పెట్టించి బయటికి వచ్చాను. వ్యానులో డ్రైవరు నిద్రలోంచి లేచాడు.

"అక్కా, ముసలమ్మ గెల్చిందా?"

"ఓడింది."

"అయ్యొ! మరి రూటరు? ఒంటెకేసిండ్రా?"

"భద్రంగా ఉంది. పోనీ."

ముదీర్ కూడా అడిగారు, ఇంతకీ లోపం ఏమిటని. "అతిథి వచ్చిందని మర్యాద చేశారు సార్," అన్నాను. ఆయన బిల్లు పుస్తకం మూసి, "ఆ లోపానికి మన దగ్గర స్పేర్ పార్టు లేదు," అన్నారు.

చిన్న హజ్జా శనివారం విమానం ఎక్కింది. దేవుడి దయవల్ల ఆపరేషన్ బాగా జరిగింది. చేతికర్రతో నడిచి బనియాస్ వచ్చినప్పుడు, ఆ హరీసు గిన్నె లాంటిదే ఇంకోటి తెచ్చిందట, నిండా తీపి బూరెల్లాంటి లుఖైమాత్‌తో. ఆ తర్వాత వాళ్ళు కంప్యూటరు ముట్టలేదు. పాత చెక్కబల్లే బయటికి తీశారు. నేను అంత కష్టపడి తెరిచిన తలుపులోంచి మనవళ్ళు తుపాకుల ఆటలు ఆడుకున్నారు. అదీ మంచిదే.

ఉద్యోగంలో ఆ తర్వాత ఎన్నో ఇళ్ళకు వెళ్ళాను. పని అయ్యాక వెంటనే సంచి సర్దడం మానేశాను. అతిథి వచ్చేదాకా కూర్చునేదాన్ని. కాఫీ తాగమన్నా తాగేదాన్ని. మీరూ కూర్చోండి అమ్మాయిలూ. దీపాలు పచ్చగా ఉన్నాయని లేచిపోకండి.

రాయచోటి ఆమెను నేను మళ్ళీ చూడలేదు. పెద్దకొడుకు ఆమెను పంపించలేదు, హజ్జా పంపనివ్వలేదు. మొబైల్ పిండిడబ్బాలోంచి వంటింటి కిటికీ మీదికి వచ్చిందని మాత్రం డ్రైవరు చెప్పాడు. కొన్నేళ్ళకు కాంట్రాక్టు ముగిసి ఊరికి వెళ్ళిపోయిందట. నేనప్పుడు సెలవులో ఉన్నాను, వెళ్ళొస్తానని చెప్పించుకోలేకపోయాను.

మీకు ఒక్కటే మనవి. మీ ఇంట్లో దూరపు మనిషి గొంతు మొబైల్‌లోనో కంప్యూటర్‌లోనో పలికినప్పుడు, దువాలోనైనా సరే, దణ్ణంలోనైనా సరే, ఆమెను ఒక్కసారి తలచుకోండి. ప్లగ్గు పీకింది ఆమే, నిజమే. కానీ ఉద్యోగం పోతుందని తెలిసీ, ఇంకొకరి చెల్లెలి కోసం పిండిడబ్బాలో చెయ్యి పెట్టింది కూడా ఆమే.